మేస్త్రిని లేపేదెవరు?

నా చెయ్యి మంచిదని హోసూరు, కృష్ణగిరి వైపు కొంతమందికి గట్టి నమ్మకం. నేను రిటైరై ఇంట్లో కూర్చున్నా ఇప్పటికీ ఫోన్లు వస్తుంటాయి. "అక్కా, కొత్తగా పాలీహౌస్ పెట్టినాము, మీరొచ్చి మీ చేత్తో ఒక్కసారి మిషన్ ఆన్ చేసి పోవల్ల" అంటారు. కారు పంపిస్తామంటారు. నేను వెళ్ళను. మోకాళ్ళ నొప్పులని చెప్పి తప్పించుకుంటాను. మోకాళ్ళు నిజంగానే నొప్పి పెడతాయి కాబట్టి అబద్ధమాడిన పాపం కూడా లేదు.

ఈ మంచి చెయ్యి నాకెలా వచ్చిందో మా ఆఫీసులో కొత్తగా చేరిన మీలాంటి పిల్లలకు తెలియదు. అడిగినప్పుడల్లా నవ్వి ఊరుకునేదాన్ని. నవ్వే సంగతి కాదది. మీరూ రేపు ఇలాంటి డబ్బాలే మోసుకుని ఊళ్ళు తిరగబోతున్నారు కాబట్టి చెబుతున్నాను, వినండి. పేర్లు మాత్రం అడగవద్దు. ఇందులో ఒకాయన చనిపోయాడు, జవాబు చెప్పుకోలేడు. ఒకామె బతికే ఉంది. ఆమెను మళ్ళీ ఎవరూ వెతుక్కుంటూ పోకూడదు.

మాది హోసూరులో చిన్న కంపెనీ. గుడ్లు పొదిగించే కోళ్ళ హేచరీలకు, ప్లాస్టిక్ కప్పు కింద గులాబీలు పెంచే పాలీహౌస్‌లకు కంట్రోల్ డబ్బాలు చేసేవాళ్ళం. డబ్బా అంటే లోపల ఓ చిన్న కంప్యూటరు, అందులో యూనిక్స్ జాతి సిస్టమ్, దాని మీద నడిచే నాలుగు ప్రోగ్రాములు. ఒకటి గదిలో వేడి, తేమ చదువుతుంది. ఒకటి ఫ్యాన్లు వేసి ఆపుతుంది. ఒకటి ఏదైనా తేడా వస్తే అలారం మోగిస్తుంది. ఇంకొకటి యజమాని ఫోనుకు మెసేజి పంపుతుంది. ప్రోగ్రాములన్నాక అప్పుడప్పుడూ చస్తుంటాయి. ఏదో వైరు కదులుతుంది, ఏదో సిగ్నలు పోతుంది, అంతే, గుటుక్కుమంటాయి. అందుకని వాటన్నిటి మీదా సూపర్‌వైజరని ఒక ప్రోగ్రాము పెడతాం. అది సొంతంగా ఏ పనీ చెయ్యదు. మిగతావాటిని కనిపెట్టుకుని ఉండి, చచ్చినదాన్ని మరుక్షణం లేపి పనిలో పెడుతుంది.

దానికి మేస్త్రి అని పేరు పెట్టింది మా పెద్దాయన. కంపెనీలో అందరికన్నా సీనియరు ఆయన, నాకు పని నేర్పినవాడు. "కట్టడం పనిలో మేస్త్రి ఇటుక ముట్టడమ్మా. కానీ ఆయన లేకుంటే ఒక్క కూలోడు కూడా లేవడు" అనేవాడు. నేను చేరిన కొత్తలో ఒకరోజు నన్ను కూర్చోబెట్టి అడిగాడు.

"మేస్త్రి అందర్నీ లేపుతాడు సరే. మేస్త్రిని లేపేదెవరు?"

జవాబు ఆయనే చెప్పాడు.

"మిషన్ స్టార్ట్ అయ్యేటప్పుడు అది ఒక ఫైలు చదువుతాది. నేను లేచినాను, ఇప్పుడు ఎవుర్ని లేపల్ల అని ఆ ఫైల్లో చూస్తాది. మేస్త్రిని లేపు అని ఆడ ఒక్క లైను రాయల్ల. రాయకుంటే మిషన్ లేస్తాది, లైటు వెలుగుతాది, లోపల ఒక్కడు కూడా పనికి రాడు. గుర్తుపెట్టుకో."

ఆ లైను లేకపోయినా మేస్త్రిని చేత్తో లేపవచ్చు. దాని పేరు టైపు చేసి ఎంటర్ కొడితే లేస్తుంది. బ్రహ్మాండంగా నడుస్తుంది కూడా. అయితే మిషన్ ఒక్కసారి ఆగి మళ్ళీ లేచిందా, మేస్త్రి ఉండడు. అందుకే చేత్తో లేపడం పరీక్ష చూసుకునేటప్పుడే గానీ సైటులో పనికిరాదని ఆయనే నాకు నూరిపోశాడు. ఈ మాట మీరు కాస్త గుర్తుంచుకోండి.

పెద్దాయనకు పనితనం ఎంత ఉందో, దానికన్నా పెద్ద పేరు హస్తవాసికి ఉండేది. డాక్టర్లకు చెబుతారే, ఆ చెయ్యి పడితే రోగం నయమవుతుందని, అట్లా. ఆయన స్టార్ట్ చేసిన మిషన్ ఆగదని రైతులు చెప్పుకునేవారు. బోరుకు మోటారు దించేటప్పుడు ఆయన్ని పిలిచేవారు. ఒకాయన తన కూతురికి ఈయన చేత అక్షరాభ్యాసం కూడా చేయించాడు. ఈయన మొదట్లో సిగ్గుపడేవాడు, తర్వాత్తర్వాత సిగ్గు తగ్గింది. పదిమంది పదిసార్లు చెబితే ఎవరికైనా తమ చెయ్యి మీద తమకే గురి కుదురుతుంది కదా.

గురుబరపల్లి దాటినాక హైవేకు కొంచెం లోపలగా ఉన్న ఒక హేచరీలో మా డబ్బా పెట్టాం. యజమాని తాతల నాటి నుంచి వ్యవసాయం చేసిన ఇంటివాడు, కోళ్ళలో కొత్తగా దిగాడు. మంచివాడే. కానీ పంచాంగం చూడనిదే పంపుసెట్టు కూడా వెయ్యడు. ప్రారంభోత్సవానికి పురోహితుణ్ణి పెట్టి ముహూర్తం కట్టించాడు. ఆ టైముకు యజమాని స్విచ్ నొక్కితే డబ్బా లేచి, దాని పాటికది మేస్త్రిని లేపి, ఫ్యాన్లు తిరిగేలా చేద్దామని మా ఆలోచన. ఆయన ఒప్పుకోలేదు.

"స్విచ్ నేను నొక్కేది కాదప్పా. మీ చెయ్యి పడల్ల. మీరే కూర్చుని నడిపించండి."

ఇంకో చిక్కు కూడా ఉంది. స్విచ్ వేశాక డబ్బా లేవడానికి కొంచెం సేపు పడుతుంది. అందాకా ముహూర్తం ఆగదు. అందుకని పెద్దాయన డబ్బాను ముందే లేపి ఉంచాడు. పురోహితుడు ఊ అనగానే కీబోర్డు మీద మేస్త్రి పేరు కొట్టి, ఎంటర్ మీద వేలు ఆనించాడు. గదిలో ఫ్యాన్లన్నీ ఒక్కసారి లేచాయి. యజమాని కళ్ళు మూసుకుని దండం పెట్టాడు. ఆడవాళ్ళు కొబ్బరికాయ కొట్టిన నీళ్ళు అందరి మీదా చిలకరించారు. వెంటనే "ఆకులేసినాము, లేవండి, లేవండి" అంటూ ఇంటివాళ్ళు మమ్మల్ని భోజనాలకు లాక్కుపోయారు. పెద్దాయన పాయసం రెండోసారి అడిగి వేయించుకోవడం నాకు గుర్తు. తర్వాత తాంబూలాలు తీసుకుని వ్యాను ఎక్కాం. ఆ ఫైల్లో ఆ లైను రాశారా అని ఆయన్ని ఎవరూ అడగలేదు. వంట చేసి చేసి తల నెరిసినవాణ్ణి సాంబారులో ఉప్పేశావా అని అడుగుతామా?

ఆ డబ్బా ఏళ్ళ తరబడి ఆగలేదు. కరెంటు పోతే బ్యాటరీలు, బ్యాటరీలు దిగేలోపు జనరేటరు. లోపల ఏ ప్రోగ్రాము చచ్చినా మేస్త్రి లేపుతూ వచ్చాడు. పెద్దాయన కొత్త కస్టమర్లకు ఆ హేచరీ కథ చెప్పకుండా ఉండేవాడు కాదు. ఏటా ఆయుధపూజ దగ్గర పడగానే ఆ యజమానికి ఫోను కూడా చేసేవాడు. "బొట్టు పెట్టండి, పూవు పెట్టండి, ఆపేది మాత్రం వద్దప్పా. నడిచేదాన్ని నడవనీయండి" అని ఆయన అంటుంటే పక్క టేబుల్ దగ్గర నేను వినేదాన్ని. ఎంత శ్రద్ధ అనుకునేదాన్ని.

ఒక వేసవిలో గుండెపోటు వచ్చి పెద్దాయన పోయాడు. హేచరీ యజమాని గులాబీల దండ పట్టుకుని వచ్చి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఆయన పోయినా ఆయన చేత్తో పెట్టింది ఆడ ఇంకా తిరగతానే ఉండాదమ్మా" అన్నాడు నాతో. నాకు కూడా ఏడుపు ఆగలేదు. ఆయన టైపు చేసిన ఆ ఒక్క మాట, ఆయన పోయాక కూడా ఒక గదిలో గాలి ఆడిస్తోందనుకుంటే ఎంతో ఓదార్పుగా అనిపించింది. ఆయన చూసే సైట్లన్నీ నాకు వచ్చాయి.

ఆ ఏడు హేచరీలో కొన్ని విడతలు పిల్లలు సరిగా రాలేదు. గుడ్లలో లోపమో, ఎండల లోపమో తెలియదు. యజమాని ఎవరినో అడిగితే, ఆయుధపూజ సరిగా చెయ్యడం లేదు, ఆ రోజు పనిముట్టు ఆగి విశ్రాంతి తీసుకోవాలి, నీ దగ్గర ఒక్కటి ఏళ్ళ నుంచీ ఆగకుండా ఉంది, దానికి అలసట లేదా అన్నాడట. పొదిగే మిషన్లు ఆపడానికి లేదు, లోపల గుడ్లున్నాయి. కనీసం కంప్యూటరు డబ్బానైనా ఆపి, తుడిచి, పూజ చేయమని తన దగ్గర పనిచేసే ఆమెకు చెప్పాడు.

ఆమెది హోసూరు దగ్గర బేరిగై. ఆ హేచరీలో పిల్లలు పుట్టే గది మొత్తం ఆమె చేతి మీదే నడిచేది. మొగుడు అక్కడే వ్యాను డ్రైవరు. షెడ్డు వెనక ఒక గదిలో ఇద్దరి కాపురం. నేను సర్వీసుకు వెళ్ళినప్పుడల్లా నాకు మజ్జిగ ఇచ్చేది, అడగకుండానే నా బ్యాగు మోసేది. యజమాని చెప్పినట్టే ఆమె డబ్బా స్విచ్ ఆపింది, తుడిచింది, పసుపు రాసి బొట్టు పెట్టింది. అరటి పిలకలు కట్టి, గుమ్మడికాయ కొట్టి, బొరుగులు పంచారు. హారతి అయ్యాక యజమాని చూస్తుండగా ఆమే స్విచ్ వేసింది. పచ్చలైటు వెలిగింది. పూజ చేసిన పనిముట్టును తెల్లారేదాకా ముట్టకూడదు కాబట్టి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు.

అప్పుడు గదిలో గుడ్లు పగిలి పిల్లలు బయటికి వస్తున్నాయి. ఆ సమయంలో పిల్లలకు గాలి చాలా కావాలి. తేమ పోతుందని తలుపు తియ్యకూడదు. వేడి సంగతి మిషన్లు చూసుకుంటాయి గానీ గాలి తోడే ఫ్యాన్లు మా డబ్బా కిందే ఉన్నాయి. అలారమూ దాని కిందే. ఫ్యాన్లు తిరగలేదు. తిరగలేదని చెప్పాల్సిన అలారం కూడా లేవలేదు. అలారం మోగడం లేదంటే అంతా సవ్యంగా ఉందనే కదా మనం వాళ్ళకు నేర్పింది.

విజయదశమి పొద్దున నాకు ఫోను వచ్చింది. శూలగిరి దాటుతుండగా రోడ్డు పొడుగునా లారీలకు అరటిమొక్కలు వేలాడుతూ ఎదురొచ్చాయి. నేను వెళ్ళేసరికి షెడ్డు ముందు ట్రేలు బయటపెట్టి ఉన్నాయి. పసుపురంగు పిల్లలు, ఒకదాని మీద ఒకటి, తడి కూడా ఆరకుండానే చచ్చిపోయాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను మిషన్లు కాలిపోవడం చూశాను గానీ అట్లాంటిది చూడలేదు. ఒక అట్టపెట్టెలో బల్బు వేలాడదీసి బతికిన నాలుగింటిని పెట్టుకుని ఆమె పక్కనే కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం వాచింది. మొగుడు వ్యాను పక్కన నిలబడి నేల చూస్తున్నాడు.

యజమాని నన్ను చూడగానే మొదలుపెట్టాడు.

"చూడమ్మా ఈమె చేసిన పని! తడిగుడ్డ పెట్టి తుడిచింది. లోపల నీళ్ళు పోయినాయి. ఇంకేం ఉంటాది?"

"తడిగుడ్డ కాదక్కా" అంది ఆమె, తల ఎత్తకుండానే. "పొడిగుడ్డతోనే తుడిచినాను. సత్తెంగా."

"మళ్ళ యాల ఆగింది? ఇన్నేండ్లు ఆగనిది నువ్వు ముట్టుకున్న దినమే ఆగుతాదా?"

"నేను చెప్పినాను కదన్నా. ఫ్యాన్ సద్దు వినపడలేదు, ఒకసారి తలుపు తీసి చూస్తానని నిన్ననే వచ్చి అడిగినాను. పూజ చేసినాము, పొద్దునదాకా ముట్టొద్దు అన్నది మీరే కదా."

ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. "ఎదురు మాట్లాడేది నేర్చుకున్నావు" అని మాత్రం అన్నాడు.

నేను డబ్బా విప్పాను. లోపల ఎండిపోయి శుభ్రంగా ఉంది, ఒక్క చుక్క తడి లేదు. లాప్‌టాప్ తగిలించి చూశాను. సిస్టమ్ లేచి ఉంది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. మేస్త్రి మాత్రం లేడు. మిషన్ లేచేటప్పుడు చదివే ఆ ఫైలు తెరిచాను. అందులో మేస్త్రి ఊసే లేదు.

 ఆ ముహూర్తం, ఎంటర్ మీద ఆనించిన ఆయన వేలు, రెండోసారి అడిగిన పాయసం, అన్నీ వరసగా గుర్తుకొచ్చాయి. చేత్తో లేపాడు, భోజనానికి లేచాడు, అంతే. ఇన్నేళ్ళూ ఆ చేత్తో లేపిందే నడిచింది. నాకు పెద్దాయన మీద భరించలేనంత కోపం వచ్చింది. నాకు ఆ లైను గురించి పాఠం చెప్పిన మనిషి! చచ్చిపోయినవాళ్ళ మీద కోపం వస్తే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియదు.

బయటికి వచ్చి మా కంపెనీ ఓనరుకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. 

"తడి తగిలిందని చెప్పేయమ్మా" అన్నాడు. "ఆయనే తడి అంటా ఉండాడు కదా, మనం కాదనేదేల? పోయిన మనిషి పేరు ఏల చెడగొట్టేది? నీకు గురువు ఆయన."

ఆ చివరి మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. కంపెనీ పేరు పోతుందన్నా, కస్టమరు పోతాడన్నా నేను లెక్కచేసేదాన్ని కాదు. గురువన్నాడు. నేను ఆ షెడ్డు అరుగు మీద కూలబడ్డాను.

ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఇచ్చి పక్కకు పోలేదు.

"అక్కా, మాకు ఈ గది తప్ప వేరే ఇల్లు లేదు. బేరిగైలో అమ్మోళ్ళ ఇల్లుండాది గానీ ఆడ అంతా అన్నావదినలదే. పోతే ఎట్ల చూస్తారో నాకు తెలుసు. నాది తప్పైతే తప్పని చెప్పండి, పోతాను. కాకుంటే కాదని ఒక్క మాట చెప్పండి."

పెద్దాయన పేరు కన్నా ఈమె గది నాకు ముఖ్యమనిపించింది. ఆయన పేరు ఫోటోకు వేసిన దండ కింద భద్రంగానే ఉంటుంది. ఈమె సామాను సాయంత్రానికి రోడ్డు మీద ఉంటుంది. లేచి యజమాని దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. తడి లేదని, ఈమె తప్పు ఇసుమంత కూడా లేదని, ఒక లైను రాయకపోవడం మా వాళ్ళ తప్పని, ఎవరు స్విచ్ ఆపి వేసినా ఇదే జరిగేదని చెప్పాను. ఎవరు రాయలేదని అడిగితే పెద్దాయన అని కూడా చెప్పాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు.

"అట్ల అనొద్దమ్మా, కళ్ళు పోతాయి. ఆయన చెయ్యి అట్లాది కాదు."

నాకు పౌరుషం వచ్చింది. కళ్ళారా చూపిస్తే నమ్మక చస్తాడా అనుకుని ఆయన్ని డబ్బా ముందు నిలబెట్టాను. స్విచ్ ఆపాను, వేశాను. పచ్చలైటు వెలిగింది. ఫ్యాన్లు కదలలేదు. "చూశారా? మిషన్ లేచింది, లోపల పని మొదలవలేదు. నిన్న జరిగింది ఇదే" అన్నాను. మళ్ళీ ఆపాను, మళ్ళీ వేశాను. మళ్ళీ అంతే.

ఆయన రెండుసార్లూ శ్రద్ధగా చూశాడు. తర్వాత ఆమెను చూపిస్తూ అక్కడున్నవాళ్ళతో అన్నాడు.

"చూసినారా! ఈమె చెయ్యి పడినాక, ఇప్పుడు ఇంజనీరమ్మ వేసినా లేస్తా లేదు."

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని ఊరికే అనలేదు. నేను తెచ్చిన సాక్ష్యమే ఆమె మీద పడింది. ఆయన తెలివితక్కువవాడు కాదు, ఆయన లెక్క ఆయనకుంది. పెద్దాయన చెయ్యి పడింది, ఏళ్ళకేళ్ళు నిలబడింది. ఈమె చెయ్యి పడింది, ఒక్క రోజు నిలబడలేదు. ఈ రెండిటికీ మధ్య నా లైను ఆయన కంటికి ఆనలేదు.

నాకు ఇంకొక దారి తట్టింది. ఫైలు తెరిచి ఆ లైను రాశాను. రాయడానికి నిమిషం కూడా పట్టలేదు, అదే ఎక్కువ బాధ. స్విచ్ ఆపి ఆమెను పిలిచాను.

"ఇట్లా రా అమ్మా. ఇప్పుడు నువ్వు వెయ్యి. నీ చేత్తో వేసినా ఫ్యాన్లు తిరుగుతాయి, ఆయన చూస్తాడు."

ఆమె రాలేదు.

"వద్దక్కా."

"ఏం కాదు. నేను రాశాను కదా. తప్పకుండా లేస్తుంది."

"లేవకుంటే?"

"లేస్తుందని చెబుతున్నాను కదమ్మా!"

"లేవకుంటే ఏం చేసేదక్కా?" అంది మళ్ళీ. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. పొద్దుటి నుంచీ యజమానితో ధైర్యంగా వాదించిన మనిషి, ఆ స్విచ్ ముందుకు వచ్చేసరికి జంకింది. నేను వేసినప్పుడు కూడా రెండుసార్లు లేవకపోవడం ఆమె కూడా చూసింది. యజమాని దాని నుంచి తీసుకున్న అర్థమే ఆమె మనసులో కూడా పడిపోయింది.

"ఆమెను యాల ముట్టిస్తావమ్మా మళ్ళ? మీరే వెయ్యండి" అన్నాడు యజమాని. నేను ఇంకా బతిమాలుతూనే ఉన్నాను. ఆమె ఒక్కో అడుగూ వెనక్కి వేసి వాకిలి దాటింది. గదిలో ఇంకా పగలని గుడ్లకు గాలి లేదు, ఇంక ఆగడానికి లేదు. స్విచ్ నేనే వేశాను. లైటు వెలిగింది, మేస్త్రి లేచాడు, ఫ్యాన్లన్నీ ఒక్కసారి తిరిగాయి. యజమాని నాకు రెండు చేతులూ ఎత్తి మొక్కాడు.

"మీ చెయ్యి మంచిదమ్మా. పెద్దాయన చెయ్యి మీకు వచ్చింది."

నాకు మంచి చెయ్యి వచ్చిన కథ ఇదీ.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో ఇంకొక సంగతి గుర్తుకొచ్చింది. ఏటా ఆయుధపూజకు ముందు పెద్దాయన చేసే ఫోను. ఆపేది వద్దప్పా, నడిచేదాన్ని నడవనీయండి. మిగతా కస్టమర్లలో ఎవరికీ ఆయన అట్లా ఫోన్ చేసినట్టు నాకు గుర్తులేదు. ఆ లైను లేదని ఆయనకు తెలుసా? తెలిసి, అక్కడికి పోయి డబ్బా ఆపి సరిచేస్తే ఆగని మిషన్ అనే పేరు పోతుందని ఊరుకున్నాడా? లేక నిజంగా శ్రద్ధేనా? చాలాసార్లు ఆలోచించాను. ఆయన మంచితనం గుర్తొచ్చిన రోజున తెలియదనుకుంటాను, ఆ ట్రేలు గుర్తొచ్చిన రోజున తెలుసనుకుంటాను. ఇప్పటికీ తేలలేదు.

మా ఓనరుకు నిజమే రాసిచ్చాను. ఆయన చదివి సొరుగులో పెట్టాడు. కస్టమరు ఎక్కడికీ పోలేదు. పైగా ఇంకో డబ్బా కావాలన్నాడు, నేనే వచ్చి స్టార్ట్ చెయ్యాలన్నాడు. నేను ముందు ఆమె సంగతి అడిగాను. ఆ వారంలోనే ఇద్దరూ గది ఖాళీ చేసి పోయారట. "నేను పొమ్మనలేదమ్మా, వాళ్ళే పోయినారు" అన్నాడు. ఉండమని కూడా అని ఉండడు. నేను ఆ డబ్బా స్టార్ట్ చెయ్యడానికి వెళ్ళలేదు.

అప్పటి నుంచీ ఏ సైటుకు వెళ్ళినా నాదొక పద్ధతి. పని అయ్యాక, ఎంత పెద్ద విందు పెట్టినా, ఆకుల ముందు కూర్చునే లోపల డబ్బాకు కరెంటు పీకేస్తాను. తర్వాత అక్కడ ఎవరుంటే వాళ్ళ చేత, ఊడ్చే ఆమె అయినా, కావలి ఆయన అయినా, స్విచ్ వేయిస్తాను. మేస్త్రి దానంతటదే లేస్తే భోజనం, లేకపోతే మళ్ళీ పని. మీరు కూడా ఇదే చెయ్యండి, మీకు నేను ఇచ్చే ఆస్తి ఇదొక్కటే. అయితే మన జనం సామాన్యులు కారు. నేను ఆపడం, వేరేవాళ్ళు వేయడం అదొక శాస్త్రమని, అట్లా చేస్తే కలిసొస్తుందని కొన్ని ఊళ్ళలో చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఎవరి చేత వేయించాలో జాతకం చూసి నిర్ణయించిన ఇల్లు కూడా ఒకటుంది.

ఉద్యోగం చివర్లో ఒకసారి బేరిగై దగ్గర గులాబీల పాలీహౌస్‌కు వెళ్ళాను. పని అయింది, కరెంటు పీకేశాను. పక్కన పూలు ఏరి కట్టలు కడుతున్న ఆడవాళ్ళున్నారు. ముళ్ళు, మందు తగలకుండా తలకూ మొహానికీ గుడ్డ చుట్టుకుని ఉన్నారు. అందరికన్నా దగ్గరగా ఉన్నామెను "ఇట్లా వచ్చి ఈ స్విచ్ వెయ్యమ్మా" అని పిలిచాను. ఆమె గుడ్డ కిందికి లాగి నా వైపు చూసింది. ఆమే.

"బాగుండారా అక్కా?" అంది.

 నవ్వుతూనే పలకరించింది. మొగుడు ఏదో కంపెనీలో బండి నడుపుతున్నాడట, బాడిగ ఇంట్లో ఉంటున్నారట. కోపం కనబడలేదు. ఇంక నేనుండబట్టలేక ఆమె చెయ్యి పట్టుకున్నాను. "ఆ రోజు నీ తప్పేం లేదమ్మా. ఇప్పుడు ఒక్కసారి వెయ్యి. నా కోసం" అన్నాను.

ఆమె చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

"ఇంట్లో కూడా నేను వెయ్యనక్కా. లైటు మా ఆయనే వేస్తాడు."

"ఆయన డ్యూటీకి పోయినప్పుడు?"

"వచ్చేదాకా చీకట్లోనే కూర్చుంటా. అలవాటైపోయింది."

తర్వాత వెనక్కి తిరిగి "ఏమప్పా, ఎవురన్నా ఇట్ల రాండి, అక్క పిలుస్తా ఉంది" అని కేకేసి, గుడ్డ మళ్ళీ మొహానికి చుట్టుకుని పూల దగ్గరికి వెళ్ళిపోయింది. మందు కొట్టే ఆయన ఎవరో పరుగున వచ్చి స్విచ్ వేశాడు. మేస్త్రి లేచాడు. ఫ్యాన్లు తిరిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

"అక్క చెయ్యి మంచిది" అన్నారెవరో.